వయసు అనుమానం

హైదరాబాద్,
12 జనవరి 2025

చిన్నాయనా,

ఆ ఆరు ఎలుకలు నిజంగా ముసలివేనా?

పదిహేడేళ్లు కావస్తోంది, ఈ ప్రశ్న నాతోనే తిరుగుతోంది. ఎన్నిసార్లు బళ్ళారి వచ్చాను, నీ పక్కన కూర్చుని అన్నం తిన్నాను, అడగలేకపోయాను. ఫోన్లో అడుగుదామంటే నీకు సరిగా వినిపించదు. హన్నా నీ చెవి దగ్గర నిలబడి ‘నాయనా, అక్క ఏందో అడుగుతాండాది’ అని వీధికంతా వినపడేలా అరవాలి. ఇది అలా అరిచి అడిగే మాట కాదు. అందుకే కాగితం.

నీకు గుర్తుండే ఉంటుంది. నేను బళ్ళారి కాలేజీలో పరిశోధన చేసిన రోజుల్లో జంతువుల గది నీ చేతిలో ఉండేది. ఆరు నెలల పడుచు ఎలుకలు ముప్పై, రెండేళ్లు నిండిన ముసలివి ముప్పై. మెదడులో మందు వెళ్లి తగులుకునే చోట్లుంటాయి, కొక్కేలు అనుకో. వయసు పైబడితే ఆ కొక్కేలు తగ్గుతాయి. అందుకే అదే మందు, అదే మోతాదు, పడుచుదాన్ని ఒక రకంగా, ముసలిదాన్ని ఇంకో రకంగా పట్టుకుంటుంది. మందు ఇచ్చి ముందరి కాళ్లు కమ్మీ మీద పెడితే పడుచువి కాసేపటికి దిగి వెళ్లిపోయేవి. ముసలివి బొమ్మల్లా అలాగే నిలబడిపోయేవి. ‘పాపం, మర్చిపోయినాయి చూడు, దిగల్లని’ అనేవాడివి నువ్వు.

ఆ ముప్పై ముసలివాటిలో ఇరవై నాలుగింటికి కొక్కేలు మూడో వంతు తగ్గాయి. ఆరింటికి తగ్గలేదు. ఆ ఆరూ కమ్మీ మీద నుంచి పడుచువాటిలాగే దిగాయి, ఆ రోజు నేను తూస్తే బరువు కూడా తక్కువ తూగాయి. ఆరూ తలుపు దగ్గర కింది వరసలోవే, గుర్తు కోసం కుడి చెవికి రెండు గాట్లు పెట్టినవి. నేను వాటిని లెక్కలోంచి తీసేశాను.

ఇప్పుడు నా దగ్గర సుష్మ అనే విద్యార్థిని అదే పని మళ్లీ మొదలుపెడుతోంది. పాత పుస్తకాలు అడిగి తీసుకెళ్లి మరునాడే వచ్చింది. ‘మేడమ్, పుస్తకంలో ముప్పై ఉన్నాయి, వ్యాసంలో ఇరవై నాలుగే ఉన్నాయి. మిగతావి ఏమయ్యాయి?’ అంది. నేను టీ తాగుతున్నాను. గ్లాసు కింద పెట్టి, ‘కనుక్కుని చెబుతాను’ అన్నాను.

ముసలివి చనిపోతే వాటి చోట పడుచువాటిని పెట్టావా, చిన్నాయనా? నా చదువు ఆగిపోతుందని భయపడి? అలా అయితే నేను వాటిని తీసేయడం సరైన పనే. అవి ముసలివే అయితే మాత్రం, నాకు నచ్చనిదాన్ని నేను కొట్టేశాను. ముసలి కుక్కలకు మందు ఎంత తగ్గించాలో చెప్పేవాళ్లు ఇప్పటికీ నా వ్యాసం చూపిస్తారు.

నిజం చెప్పు. కోప్పడను.

నీ
వినీల

*

కంటోన్మెంట్, బళ్ళారి,
25 జనవరి 2025

చిరంజీవి వినీలకు ప్రభువు పేరట చిన్నాయన సుందరం దీవెనలు.

నీ జాబు అందింది. ఈడ అందరమూ బాగుండాము. హన్నా స్కూల్లో పరీక్షల పని ఎక్కువగా ఉండాది. అల్లుడు రాజ్ కుమార్ ఆ జీన్సు ఉతికే యూనిట్లోనే ఉండాడు. మోచేతుల దాకా నీలం, ఏ సబ్బుకూ పోదు. ‘మామా, నన్ను పాతిపెట్టేటప్పుడు కూడా ఈ రంగుతోనే పోతా’ అని నవ్వుతాడు.

ఇంక నీ సంగతి. ఆ మూట మాట ఇన్నేండ్లకు నువ్వు కూడా ఎత్తితివి కదా. స్టోరు పద్మనాభ ఎత్తినాడంటే సరి, వాడు పరాయోడు. ఎలుకల మేత తూకం వేసి, పదహారు కిలోలు ఎక్కువ ఉండాదని పదిమంది ముందర అడిగినాడు. ‘ఏమప్పా సుందరప్పా, వాటి నోరు కొట్టి యాడికి మోస్తామని మూట కట్టినావు?’ అనె. మిగిలింది గదిలోనే ఉండాది కదప్పా, నేను మోసింటే తక్కువ ఉండల్ల కదా అంటి. వినలేదు. 2008 ఆగస్టులో పనిలోనుంచి తీసేసినారు. మోకాళ్ల నొప్పి అని ఇంట్లో చెప్పింది నేనే. మీ నాయనకు కూడా నిజం చెప్పలేదు.

కంటోన్మెంటు చర్చిలో సంఘ పెద్దల ఎన్నిక వచ్చినప్పుడల్లా నా పేరు ఎవరో ఒకరు చెప్తారు, ఇంకెవరో గొంతు సవరించుకుంటారు. అంతే. నలుగురు పిలగాండ్లు నన్ను ఇప్పటికీ ‘ఎలకల తాత’ అంటాండారు. అది ముద్దుకేనని హన్నా అంటాది.

ఒకటి మాత్రం నాకు ఇప్పుడే తెలిసింది. ఆఫీసులో నాకు చూపించిన కాయితంలో మేత మాట ఒక వరస, దాని కింద ‘వయసు అనుమానం’ అని ఇంకో వరస ఉండె. ఆ మాట ఎవరిదో నాకు అప్పుడు అర్థం కాలేదు. అది నీ చేతి రాతేనా పాప? నువ్వు రాసిందేనా?

ఆ సుష్మ అనే పిల్లను పోలీసోళ్ల మాదిరి ఈడికి పంపొద్దు.

చిన్నాయన
సుందరం

*

హైదరాబాద్,
2 ఫిబ్రవరి 2025

చిన్నాయనా,

అవును, నేనే రాశాను. నా పుస్తకంలో, ఆ ఆరు వరసల పక్కన. మా గైడు ఆ పేజీ నకలు తీసుకున్నారని తెలుసు, అది ఆఫీసుకు పోయిందని తెలియదు. నీ ఉద్యోగం దానివల్ల పోయిందని నీ జాబు చదివేదాకా తెలియదు. మోకాళ్లనే నమ్మాను. మీరు ఇద్దరన్నదమ్ములూ మోకాళ్ల నొప్పి మనుషులే కాబట్టి సందేహం రాలేదు. ఇన్నిటికి సందేహపడేదాన్ని, దానికి మాత్రం పడలేదు.

క్షమించమని ఈ జాబులో అడగను. అడిగితే నువ్వు వెంటనే క్షమిస్తావు, అసలు సంగతి అక్కడితో ఆగిపోతుంది.

నేను ఎలుకల గురించి అడిగితే నువ్వు మూట గురించి చెప్పావు. ఎందుకు? నేను మూట మాటే ఎత్తలేదు. మేత ఎక్కువ మిగిలిందన్న సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. రెండు రోజులుగా అదే ఆలోచిస్తున్నాను. ఒక ఎలుక రోజుకు పదిహేను గ్రాములు తింటుంది, ఆరింటికి తొంభై. ఆ ఆరింటికీ ఏడాదిపాటు సగం మేతే పెట్టి ఉంటే మిగిలేది పదహారు కిలోల చిల్లర. సరిపోయింది అనుకున్నాను. తర్వాత ఇంకో లెక్క వేశాను. ఆ ఆరూ ఆరు నెలల ముందే చచ్చిపోయి, చివర్లో వాటి చోట వేరేవి వచ్చి ఉన్నా మిగిలేది ఆ పదహారే.

చిన్నాయనా, తిండి తగ్గించి పెంచిన ఎలుకల మెదడు అంత తొందరగా ముసలిది కాదు. ఆ కొక్కేలు అంతగా రాలిపోవు. ఇది నేను కనిపెట్టింది కాదు, నేను చదువుకుంటున్నప్పటికే తెలిసిన సంగతి. బరువూ తక్కువే ఉంటాయి. ఆ ఆరింటికీ నువ్వు మేత తగ్గించావా? పొరపాటున తగ్గిందా, కావాలనే చేశావా?

ఆలోచించి రాయి. గుర్తు లేకపోతే లేదనే రాయి. నన్ను సంతోషపెట్టడానికి మాత్రం రాయకు.

వినీల

*

కంటోన్మెంట్, బళ్ళారి,
20 ఫిబ్రవరి 2025

వినీలకు దీవెనలు.

జవాబు ఆలస్యమైంది. రాయల్లా వద్దా అని పదైదు దినాలు అనుకుంటి. ఉపవాసం చాటుగా చేసేది, ఊరికి చెప్పేది కాదు. చెప్పితే దాని ఫలం పోతాదంటారు. అయినా ఇప్పుడు నాకు డెబ్బై ఆరు. చెప్తా.

2007 మే నెల ఎండకు నీ మొదటి విడత ముసలివి ఒక్క వారంలో చచ్చిపాయె. నువ్వు మా గడపలో కూర్చొని ఏడ్చితివి. ‘ఇంకో విడత ఏడాది వయసువి ఉండాయి చిన్నాయనా, అవి కూడా పోతే నా చదువు అయిపోయినట్టే’ అంటివి. ఆ వారమే సంగనకల్లు దగ్గర ప్రార్థన కూటం. పాస్టరు చెప్పె: పూర్వం ఒక పట్నం మీదికి నాశనం వస్తాంటే రాజు మొదలుకొని అందరూ ఉపవాసం ఉండిరంట, గొడ్లకు కూడా ఆ దినం మేత నీళ్లు లేవంట, దేవుడు కనికరపడెనంట. నాకు అది గుండెలో నాటుకునె. నేనొక్కడినే పస్తుంటే ఏం లాభం? పని ఎలుకలది కదా. వాటి పక్షాన కూడా ఎవరైనా ఉండల్ల కదా అనుకుంటి.

అన్నిటినీ ఎండబెట్టే ధైర్యం లేకపాయె. దేవుని భాగం తీద్దామనుకుంటి. అరవైలో పదో వంతు ఆరు. పసివి ఆకలికి తాళవని ముసలివాటిలోనే ఆరు ఎంచుకుంటి, తలుపు దగ్గరివి, నా కుర్చీకి ఎదురుగా ఉండేవి. దినం విడిచి దినం వాటికీ మేత లేదు, నాకూ పగటన్నం లేదు. నీళ్లు మాత్రం ఇచ్చినా, అంత పాపం నా చేత కాదు. ఏడాది నడిపిస్తి. మీ చిన్నమ్మ నా టిఫిను డబ్బా తిరిగి వస్తాంటే ‘ఏంది, నా వంట చేదయ్యిందా?’ అని అలిగె. ఆమెకు కూడా చెప్పలేదు.

నీ చదువు ముగిసె. నీ పేరు ముందర డాక్టరు వచ్చె. నా మొక్కు ఫలించిందనే ఇన్నేండ్లు అనుకుంటా ఉండా. నా మొక్కే నీ లెక్కను చెడగొట్టిందని ఇప్పుడు తెలుస్తాండాది.

ఒకటి అడుగుతా. కాలేజీ నుంచి నాకేమీ వద్దు. సుందరం ఎలుకలను మార్చలేదు, మోసం చేయలేదు అని నీ చేతితో ఒక కాయితం రాసియ్యి. నేను ఉండంగానే హన్నా అది చదవల్ల. మిగతాది నీ ఇష్టం.

చిన్నాయన

*

హైదరాబాద్,
6 మార్చి 2025

చిన్నాయనా,

నీ జాబు మూడుసార్లు చదివాను. మొదటిసారి ఏడ్చాను. రెండోసారి ఏడవలేదు. మూడోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. నా చదువు నాకు నేర్పింది ఇదే అనుకుంటాను.

అరవైలో పదో వంతు అన్నావు. 2007లో నా దగ్గర అరవై లేవు. పడుచువి ఆ ఏడాది చివరిలో పుట్టాయి. నువ్వు మొక్కుకున్నప్పటికి పుట్టనివాటిని ఎలా లెక్కపెట్టావు?

బరువుల పుస్తకం తీసి చూశాను. ప్రతి సోమవారం తూకం వేసి రాయడం నీ పని. ఇరవై నాలుగింటికీ వారం వారం అంకెలున్నాయి. ఆ ఆరింటికీ 2007 జూలై నుంచి గడులు ఖాళీ. ఎందుకు?

ఇంకొకటి, చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. మేత తగ్గిస్తే మెదడు ముసలిది కాదన్న సంగతి నీకు చెప్పింది నేనే, పోయిన జాబులో. అప్పటిదాకా నువ్వు మూట మాటే చెప్పావు, ఉపవాసం మాట లేదు. నేను తలుపు చూపించాక నువ్వు ఆ తలుపులోంచే బయటికొచ్చావు. ఆరు, సగం మేత, ఏడాది, పదహారు కిలోలు, అన్నీ ఎక్కడివక్కడ అతికాయి. నా ఇరవై ఏళ్ల చదువులో అన్నీ ఇంత చక్కగా అతికినవి చాలావరకు తప్పని తేలినవే. నేను చెప్పిందే నువ్వు నాకు తిరిగి చెబుతున్నావేమో అన్న ఆలోచన పోవడం లేదు.

నువ్వు అబద్ధమాడతావని అనడం లేదు. నా మీది ప్రేమతో ఆడతావేమోనని.

మేత లేని రోజు ఆ ఆరూ ఏం చేసేవి? మేత తగ్గిన జంతువు ఊరికే ఉండదు. చూసినవాడైతే చెప్పగలడు.

వినీల

*

కంటోన్మెంట్, బళ్ళారి,
19 మార్చి 2025

వినీలకు.

ఈస్టరు ముందరి శ్రమకాలం నడుస్తాండాది, కోపంతో రాయగూడదు. అయినా కోపంతోనే రాస్తాండా.

అరవై కావల్లని నువ్వే చెప్పితివి, గడపలో కూర్చొని, వేళ్లు మడిచి లెక్కపెట్టి: ‘ముప్పై ముసలివి, ముప్పై పడుచువి, అప్పుడే ఒప్పుకుంటారు’ అని. నేను కావల్సిన దాంట్లో పదో వంతు మొక్కుకుంటి. పైరు చేతికి రాకముందే దేవుని భాగం అనుకునేటోళ్లు లేరా? నువ్వు ఆ ఇంట్లో పుట్టినదానివే కదా, మర్చిపోతివా?

బరువులు ఎందుకు రాయలేదంటే, రాస్తే తగ్గింది కనపడతాది, నువ్వు అడుగుతావు. తప్పుడు అంకె రాయడానికి చెయ్యి రాలేదు. అందుకని ఖాళీ. అబద్ధం రాయనోడి పుస్తకంలో ఖాళీలుంటాయి.

మేత లేని దినం నా చెప్పుల శబ్దానికే ఆరూ లేచి కడ్డీలు పట్టుకొని నిలబడేవి. పక్క వరసలో తిన్నవి తల కూడా ఎత్తవు. చెక్కపొట్టు కొరికి కొరికి పిండి చేసేవి. ఒకదానికొకటి తోక కొరుకుతాయేమోనని భయపడితి, కొరకలేదు. ముసలి ఎలకకు వెంట్రుకలు పసుపు పడతాయి, తోక గరుకుగా పొలుసు పొలుసుగా అయితాది. ఆ ఆరింటికీ అట్లే ఉండె. నా చేతులతోనే నీ బల్ల మీద పెట్టినా. నువ్వు మెదడు చూసినావే గాని తోక చూడలేదు.

ఇంక ఒకటి ఉండాది. చెప్పకుంటే నువ్వు ఎట్లాగూ పట్టుకుంటావు. ఆ ఆరింటిలో ఒకటి 2008 ఏప్రిల్లో చచ్చిపాయె. ఆకలికో ఎండకో తెలియదు. దాని చోట వేరేది పెట్టినా, ఈనడం మానేసిన ముసలిది, పై గూటిలోది. దాని చెవికి గాట్లు కోసింది నేనే. అది కూడా ముసలిదే. ఒకదాన్ని మార్చినోడు ఆరింటినీ మార్చింటాడని నువ్వు అనుకుంటావు. అనుకో.

నేను మార్చలేదని కాయితం రాసియ్యమంటి. ఇప్పుడు ఆ మాట నేనే చెరిపేసుకుంటి. సాకు, చాలు. ఇంక ఈ సంగతి మీద నేను రాయను. నువ్వు రాసినా హన్నాతో చదివించుకోను.

సుందరం

*

హైదరాబాద్,
23 ఏప్రిల్ 2025

చిన్నాయనా,

ఈస్టరుకు ఫోన్ చేస్తే హన్నా ఎత్తింది. ‘నాయన బాగుండాడక్కా, కండ్లద్దాలు పెట్టుకోవడం మానేసినాడు, అంతే’ అంది. చదవడానికి నీకు ఏమీ వద్దన్నమాట. అందుకే ఈ జాబు హన్నా పేరుతోనే పంపుతున్నాను. నువ్వు వద్దన్నా తను చదువుతుంది. చెల్లీ, గట్టిగా చదవక్కర్లేదు, పక్కన కూర్చుని చదువు చాలు.

దీనితో పాటు ఒక నకలు ఉంది. నా వ్యాసం అచ్చువేసిన పత్రికకూ, మన కాలేజీకీ పంపినది. అందులో ఏముందో తెలుగులో చెబుతాను. ముప్పై ముసలి ఎలుకల్లో ఆరింటిని నేనే తీసేశాను. వాటి వయసు తప్పని చూపే ఆధారం అప్పుడు నా దగ్గర లేదు, ఇప్పుడూ లేదు. మేత తక్కువైనందువల్ల కూడా అలాంటి ఫలితం రావచ్చు. వాటిని కలిపి లెక్కవేస్తే వయసుతో తగ్గుదల నేను చెప్పినంత ఉండదు. జంతువుల గది చూసిన సుందరం మీద నేను రాసిన మాట, నాకు అడ్డొచ్చిన అంకెలకు నేను వెతుక్కున్న కారణం. అతని మీద అది మోపడం తప్పు. నా వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటారో సవరిస్తారో వాళ్ల ఇష్టం. సుష్మ ఆ కాగితం చదివిన మరునాడు నా బల్ల మీద ఒక యాపిల్ పెట్టి వెళ్లింది. జాలో గౌరవమో తెలియలేదు. అడగలేదు.

నువ్వు అడిగిన వాక్యం మాత్రం అందులో లేదు. ‘సుందరం ఎలుకలను మార్చలేదు’ అని నేను రాయలేదు. ఒకదాన్ని మార్చానని నువ్వే చెప్పావు కాబట్టి కాదు. ఆ మాట చెప్పిన తీరు చూసి నిన్ను ఇంకా నమ్మాలనిపించింది. మళ్లీ వెంటనే, పెద్దదాన్ని దాచడానికి మనిషి చిన్నదాన్ని ఒప్పుకుంటాడు కదా అనిపించింది. ఇలా అనుకునే మెదడు నాది. నలభై అయిదేళ్లకే ఇందులో ఎన్ని కొక్కేలు రాలిపోయాయో గానీ, అనుమానం తగులుకునేది మాత్రం ఒక్కటీ రాలలేదు.

సుష్మ ముసలి ఎలుకలను దినం విడిచి దినం మేతతో పెంచబోతోంది. రెండేళ్లు పడుతుంది. ముసలితనాన్ని ఎవరూ తొందరపెట్టలేరు. వాటి మెదడు పడుచుగానే ఉందని తేలినా, ఉపవాసం అలా చేయగలదని తెలుస్తుందే తప్ప, 2007లో తలుపు దగ్గర కింది వరసలో ఏం జరిగిందో తెలియదు. అది నీకొక్కడికే తెలుసు.

నిన్ను మూడు నెలలుగా అడిగాను. నన్ను నేను అడుక్కోని మాట ఒకటుంది. ఆ ఆరు వరసలనూ కొట్టేసిన రోజున నాకు నిజంగా అనుమానం వచ్చిందా, లేక నాకు అనుమానం అవసరమైందా? గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. ఫ్యాను తిరుగుతోంది, నా చేతిలో ఎర్ర పెన్ను ఉంది. అంతవరకే కనిపిస్తోంది. ఆ బల్ల మీద నా ముందున్న ఆరింటి తోకలు నాకు అసలు కనిపించడం లేదు. నువ్వు అన్నది నిజం, నేను చూడలేదు.

అవి ముసలివో పడుచువో నేను తేల్చుకోలేకపోయాను. నువ్వు చెప్పిన ఉపవాసం జరిగిందో, నా జాబు చదివాక నా కోసం పుట్టిందో తేల్చుకోలేకపోయాను. నిన్ను నమ్మాలని చాలా ఉంది చిన్నాయనా. ఇంతగా ఉండటం వల్లే, నమ్మకం వచ్చిన ప్రతిసారీ అది నిజం చూసి వచ్చిందో నీ మీది ఇష్టం వల్ల వచ్చిందో తెలియడం లేదు.

నీ
వినీల